హుస్సేన్ సాగర్‌లో లేజర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

మృగశిర కార్తె వచ్చింది, పడమటి గాలి పట్టింది. జులైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ కూడా దగ్గర్లోనే ఉంది. అందుకేనేమో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లేజర్ గురించే. ఒక్కరే కూర్చుని నడిపే ఈ చిన్న పందెపు పడవలో దాచుకోవడానికేమీ ఉండదు. పడవలన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవి. తేడా వచ్చేది దాన్ని ఎలా చూసుకున్నారు, తాళ్లు ఎంత బిగించారు, ఒళ్లు ఎంత వంచారు అన్నదాంట్లోనే. జవాబులు కూడా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

మా అబ్బాయికి 14 ఏళ్లు, 46 కిలోలు. ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడుపుతున్నాడు. లేజర్‌లో మూడు రకాలున్నాయి, పెరిగే పిల్లాడు కదా, పెద్దదే కొనండి అంటున్నారు. కొందరు లేజర్ అంటారు, కొందరు ఐఎల్‌సీఏ అంటారు. రెండూ ఒకటేనా?
— సైనిక్‌పురి నుంచి ఒక తండ్రి

రెండూ ఒకటే. కెనడా డిజైనర్ బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ 1971లో న్యూయార్క్ బోట్ షోలో లేజర్ పేరుతో బయటికొచ్చింది. ఆ పేరు మీద హక్కుల తగాదా రావడంతో 2019 నుంచి పోటీల్లో ఇంటర్నేషనల్ లేజర్ క్లాస్ అసోసియేషన్ అనే క్లాస్ సంఘం పేరే పడవకూ పెట్టి ఐఎల్‌సీఏ అంటున్నారు. ఒడ్డున మాత్రం ఇప్పటికీ అందరి నోటా లేజరే.

మూడు రకాలంటే మూడు పడవలు కావు. హల్ (పడవ ఒడలు), డాగర్‌బోర్డ్ (మధ్యలోంచి నీళ్లలోకి దించే నిలువు పలక), చుక్కాని, బూమ్ (తెరచాప అడుగున అడ్డంగా ఉండే గొట్టం), రెండు ముక్కల తెరచాప స్తంభంలో పై ముక్క అయిన పై మాస్ట్ అన్నిటికీ ఒకటే. మారేది కింది మాస్ట్, తెరచాప, అంతే. ఐఎల్‌సీఏ 7, అంటే పాత స్టాండర్డ్, తెరచాప 7.06 చదరపు మీటర్లు. ఐఎల్‌సీఏ 6, అంటే రేడియల్, 5.76. ఐఎల్‌సీఏ 4 తెరచాప 4.7 చదరపు మీటర్లు, దాని పాత పేరు కూడా 4.7 అనే. రేడియల్ కింది మాస్ట్ స్టాండర్డ్ కంటే దాదాపు 60 సెం.మీ. పొట్టి. 4.7ది ఇంకా పొట్టి, కాస్త వెనక్కి వంచి చేసి ఉంటుంది.

మీ అబ్బాయికి ఐఎల్‌సీఏ 4 కొనండి. 55 కిలోల దాకా అదే సరిపోతుంది. అక్కడి నుంచి 70 కిలోల దాకా రేడియల్, ఆపైన స్టాండర్డ్. పెరుగుతాడు కదా అని చెప్పులు రెండు సైజులు పెద్దవి కొన్నట్టు తెరచాప కొనకూడదు. బరువు చాలని పిల్లాడు గాలి వచ్చినప్పుడల్లా మెయిన్‌షీట్ (తెరచాపను లాగి పట్టే తాడు) వదిలేస్తూ, తెరచాప కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంటాడు. పడవను చదునుగా నిలిపి వేగం తీయడమనే అసలు విద్య అబ్బదు. రెండేళ్ల తర్వాత రేడియల్ కింది మాస్ట్, తెరచాప కొంటే పడవ మారిపోతుంది. చిన్న తెరచాప అని అతను చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది ఐఎల్‌సీఏ 4లోనే. అవే క్రీడల్లో విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ 7లో కాంస్యం తెచ్చాడు. ఇద్దరి కిందా ఉన్న హల్ ఒకటే.

ఒడ్డుకొచ్చి వెనక బంగ్ (నీళ్లు తీసే రంధ్రానికి పెట్టే బిరడా) తీస్తే ప్రతిసారీ మూడు నాలుగు లీటర్ల నీళ్లు కారుతున్నాయి. "పాత లేజర్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది" అంటున్నారు. పట్టించుకోవాలా?
— సికింద్రాబాద్ పాఠకుడు

తప్పకుండా పట్టించుకోవాలి. గ్లాసుడు నీళ్లయితే ఊరుకోవచ్చు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు. పైగా అది కదలకుండా ఉండే బరువు కాదు. ముక్కు దిగితే ముందుకు, లేస్తే వెనక్కు పరుగెడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది. మాస్ట్ దిగే గొట్టం అడుగు నుంచి వస్తుంటే, ఒకరోజు గట్టి గాలిలో మాస్ట్ డెక్‌ను, అంటే పడవ పైకప్పును, చీల్చుకుని పడిపోతుంది.

అందుకే మొదట ఆ గొట్టాన్నే పరీక్షించండి. శుభ్రంగా కడిగి, అంచుదాకా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. మట్టం వేలి మందం దిగినా ఆ పడవను నీళ్లలోకి దించకండి. గొట్టం అరగడానికి కారణం ఇసుక. ప్రతి ట్యాక్‌కూ, అంటే ఎదురుగాలిలో పక్క మార్చినప్పుడల్లా, మాస్ట్ గొట్టంలో తిరుగుతుంది. అడుగున చిటికెడు ఇసుక ఉన్నా అది గరుకు కాగితంలా పనిచేసి ఫైబర్‌ను తినేస్తుంది. మాస్ట్‌ను నేలమీద ఆనించి, అలాగే తెచ్చి గుచ్చే అలవాటు క్లబ్ పడవల్ని పాడుచేసినంతగా ఇంకేదీ పాడుచేయదు. మాస్ట్ అడుగు టోపీ, గొట్టం, రెండూ కడిగాకే మాస్ట్ దించాలి.

మరమ్మతు చేయాలంటే మాస్ట్ గొట్టం పక్కన డెక్‌లో చేయి పట్టేంత ఇన్‌స్పెక్షన్ పోర్ట్ (మూత పెట్టుకునే రంధ్రం) కోయాలి. లోపల తడి పూర్తిగా ఆరేదాకా, అవసరమైతే వారం రోజులైనా, ఫ్యాన్ గాలి పెట్టండి. గొట్టం హల్‌ను కలిసే చోట 80 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ ముద్దతో మూల నింపి, దానిమీద ఫైబర్ గ్లాస్ గుడ్డ రెండు మూడు పొరలు వేయండి. మామూలు పాలియెస్టర్ రెజిన్ పాత ఫైబర్‌ను అంత గట్టిగా పట్టుకోదు. తడి మీద వేస్తే ఏదీ పట్టుకోదు.

గొట్టం బాగుందని తేలితే సబ్బు నురగ పరీక్ష చేయండి. కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే గుంట) ముందు గోడలో, డెక్ అంచు కింద పెన్సిల్ ములికంత గాలి రంధ్రం ఉంటుంది, దానికి టేప్ వేయండి. బంగ్ రంధ్రంలో రబ్బరు గొట్టం బిగించి నోటితో ఊదండి. ఇంకొకరు హల్, డెక్ కలిసే అంచు పొడవునా, సెల్ఫ్ బెయిలర్ (కాక్‌పిట్‌లో చేరిన నీళ్లను బయటికి పంపే అమరిక) చుట్టూ, చుక్కాని బిగించే స్క్రూల దగ్గర, డాగర్‌బోర్డ్ పెట్టె అంచుల్లో, డెక్ మీది కొక్కేల దగ్గర సబ్బునీళ్లు పూయాలి. బుడగ లేచిన చోట గుర్తు పెట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టే ఆలోచనే వద్దు. క్షణంలో డెక్ అంచు విడిపోతుంది, అది కుట్టు వేస్తే అతికేది కాదు. స్క్రూల దగ్గర కారుతుంటే వాటిని తీసి, ఆరబెట్టి, మెరైన్ సీలెంట్ పెట్టి బిగిస్తే చాలు. బెయిలర్ కూడా అంతే. చివర్లో గాలి రంధ్రం మీది టేప్ తీయడం మరిచిపోవద్దు.

మన ఎండలకు ఇంకొక జాగ్రత్త. పడవను ఒడ్డున పెట్టినప్పుడు బంగ్ తీసే ఉంచాలి. మే నెల ఎండలో లోపలి గాలి వ్యాకోచించి అతుకుల్ని నెడుతుంది. ట్రాలీ మీద పెట్టినప్పుడు బరువు పక్క అంచుల మీద ఆనాలి, హల్ అడుగు మీద కాదు. అడుగు మీద ఆనిన పడవకు వేసవి దాటేసరికి సొట్ట పడుతుంది. నీళ్లలోకి దించే ముందు బంగ్ బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి.

పాత లేజర్ ఒకటి అమ్మకానికి ఉంది. పెయింట్ మెరుస్తోంది, తెరచాప కొత్తది. తీసుకోవచ్చా?
— తార్నాక పాఠకురాలు

మెరుపును చూడొద్దు. హల్ ఒక్కదాన్నే తూచండి. అది 59 కిలోల దగ్గర ఉండాలి. 65 దాటితే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చిందని అర్థం, బేరం బాగా దించాలి లేదా వదిలేయాలి. మాస్ట్ గొట్టం చుట్టూ, కాక్‌పిట్ పక్కన మీరు కూర్చునే చోట డెక్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే లోపలి పొరలు విడిపోయాయన్నమాట. పై మాస్ట్‌ను చదునైన నేలమీద దొర్లించి వంకర చూడండి. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే క్లాస్ ప్లేట్ (గుర్తింపు పలక) పడవకు ఉందో లేదో కూడా చూడాలి. తెరచాప ఎలాగూ అరిగే వస్తువే, కొత్తదని ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

జులై గాలిలో నా పడవ ఒరిగిపోతూనే ఉంటుంది. నా బరువున్నవాళ్లే ముందు వెళ్లిపోతున్నారు. వాంగ్, ఔట్‌హాల్, కన్నింగ్‌హామ్ ఎంతెంత బిగించాలి?
— బేగంపేట పాఠకుడు, రేడియల్, 63 కిలోలు

ముందు గాలిని అర్థం చేసుకోవాలి. వానకాలంలో గాలి నెక్లెస్ రోడ్ వైపు నుంచి వచ్చి ట్యాంక్‌బండ్ వైపు పోతుంది. ఇది సముద్రం మీది గాలిలా ఒక్క తీరుగా ఉండదు. భవనాలు, చెట్లు దాటి ముక్కలు ముక్కలుగా నీళ్లమీద పడుతుంది. ఒక నిమిషం తాళ్లు సడలేంత పలుచన, మరు నిమిషం విసురు, దాంతోపాటే దిక్కులో మార్పు. కాబట్టి ఒకే బిగింపుతో రేసంతా నడిపేవాళ్లు ఇక్కడ వెనకబడతారు.

ట్రావెలర్ తాడు నుంచి మొదలుపెట్టండి. వెనక డెక్ మీది ఈ తాడు ఏ గాలిలోనైనా వీణ తీగలా బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే దానిమీది బ్లాక్ (కప్పీ) నడిమధ్యకు వచ్చి, తెరచాప పడవను ముందుకు నెట్టే బదులు పక్కకు ఒరగదోస్తుంది.

ఇక వాంగ్, అంటే బూమ్‌ను కిందికి లాగి పట్టే తాడు. ఎదురుగాలిలో మెయిన్‌షీట్‌ను బూమ్ చివరి బ్లాక్, ట్రావెలర్ బ్లాక్ ముద్దాడేదాకా లాగండి. అప్పుడు వాంగ్ తాడులో ఎంత వదులు కనిపిస్తే అంత తీసేయండి. పలుచటి గాలికి, మధ్యస్థపు గాలికి ఇదే ఆధారం. విసురు ఎక్కువైతే బ్లాకులు కలిసి ఉండగానే వాంగ్‌ను ఇంకా లాగాలి. వాంగ్ చాలకపోతే మెయిన్‌షీట్ వదిలినప్పుడు బూమ్ పక్కకు పోకుండా మొదట పైకి లేస్తుంది. తెరచాప సంచిలా ఉబ్బి పడవ ఇంకా ఒరుగుతుంది. మీ కష్టం చాలావరకు ఇదే అయ్యుంటుంది. వాంగ్ గట్టిగా ఉంటే బూమ్ తిన్నగా పక్కకు పోతుంది, మాస్ట్ వంగి తెరచాప పలచబడుతుంది, పడవ లేచి నిలబడుతుంది.

మాస్ట్ వంగితే తెరచాపలో ఉబ్బు వెనక్కు జరుగుతుంది. దాన్ని ముందుకు తెచ్చేది కన్నింగ్‌హామ్, అంటే తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు. అందుకే వాంగ్ ముందు, కన్నింగ్‌హామ్ తర్వాత. పలుచటి గాలిలో దాన్ని పూర్తిగా వదిలేయండి, ముందు అంచున అడ్డముడతలు కనిపించినా ఫర్వాలేదు. గట్టి గాలిలో ఆ తాడు దూరే తెరచాప కన్ను బూమ్ మట్టానికి వచ్చేదాకా లాగినా తప్పులేదు.

ఔట్‌హాల్‌కు, అంటే తెరచాప వెనక మూలను బూమ్ కొనవైపు లాగే తాడుకు, కొలత మీ చేతిలోనే ఉంది. బూమ్ మధ్యలో తెరచాప అడుగు అంచుకూ బూమ్‌కూ ఉన్న ఎడం చూడండి. మధ్యస్థపు గాలికి జానెడు కంటే కాస్త తక్కువ. విసురు గాలికి బెత్తెడు. గాలి దాదాపు చచ్చిపోయినప్పుడు కూడా ఆ రెంటికీ మధ్యలోనే ఉంచండి. అంత నీరసపు గాలి లోతైన తెరచాప వంపు వెంట తిరగలేక విడిపోతుంది. చాలామంది అప్పుడు ఇంకా వదులు చేసి నిలబడిపోతారు.

విసురు గాలి నల్లని మరకలా నీళ్లమీద మీవైపు వస్తుంటే అది తగిలాక వంగడం కాదు, తగిలే ముందే బయటికి వంగండి. తగిలిన క్షణంలో మూరెడు షీట్ వదలండి. పడవ చదునుకాగానే మళ్లీ లోపలికి లాగండి. ఒరిగిన లేజర్ చుక్కాని బలంతో తిన్నగా పోతున్నట్టు అనిపిస్తుంది కానీ ఆ చుక్కానే బ్రేకు. టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) చేతికి భారంగా ఉంటే చుక్కాని పూర్తిగా దిగిందో లేదో కూడా చూడండి. కింద కొన కొద్దిగా వెనక్కి లేచినా టిల్లర్ బరువెక్కుతుంది. దింపే తాడు లాగి గట్టిగా కట్టాలి.

ఎగువ మార్క్ (గాలి వచ్చే వైపున్న పందెపు గుర్తు) చుట్టే ముందు వాంగ్ సడలించండి. బిగించిన వాంగ్‌తో గాలివాటుకు తిరగబోతే పడవ తిరగదు. తిరిగినా బూమ్ కొన నీళ్లలో దిగి బోల్తా కొట్టిస్తుంది.

ఇంకొకటి, ఈ చెరువులోనే ఉన్న బెడద. వేగం ఉన్నట్టుండి తగ్గి, డాగర్‌బోర్డ్ సన్నగా వణికితే ఏ ప్లాస్టిక్ సంచో నాచో తగులుకుందని గ్రహించండి. గాలివాటున వెళ్లేటప్పుడు బోర్డ్ ఒకసారి పైకెత్తి దించితే ఊడిపోతుంది. నిమజ్జనాల తర్వాత కొన్ని వారాలు ట్యాంక్‌బండ్ ఒడ్డుకు మరీ దగ్గరగా పోకండి, విగ్రహాల ఇనుప చువ్వలు బోర్డ్ అంచును పగలగొడతాయి. ఒంటిమీద గాయముంటే నీళ్లలోకి దిగొద్దు. ఉరుము వినిపిస్తే రేసును వదిలి ఒడ్డుకు రండి, అల్యూమినియం మాస్ట్ కింద కూర్చుని ఎవరూ గెలవలేదు.

గాలివాటున పోతుంటే పడవ నా మీదికే, గాలి వచ్చే వైపుకే బోల్తా పడుతోంది. జైబ్ (గాలివాటున పోతూ తెరచాపను అవతలి పక్కకు మార్చడం) చేస్తే మెయిన్‌షీట్ పడవ వెనక మూలకు చుట్టుకుంటోంది.
— ఉప్పల్ పాఠకుడు

మొదటిదానికి కారణం చాలావరకు వాంగ్ మరీ వదులుగా ఉండటం. అప్పుడు తెరచాప పైభాగం మాస్ట్ కంటే ముందుకు తిరిగిపోయి, మాస్ట్ కొనను మీవైపే తోస్తుంది. వాంగ్ కొంచెం తీసుకోండి. బూమ్‌ను పడవకు అడ్డంగా తొంభై డిగ్రీలు దాటి వదలకండి. డాగర్‌బోర్డ్‌ను పూర్తిగా ఎత్తేయకుండా మూడో వంతు లేపి ఆపండి, ఊగుడును ఆపేది అదే. ఊగడం మొదలైన క్షణంలో మెయిన్‌షీట్‌ను బారెడు లోపలికి లాగి, టిల్లర్‌ను మీ నుంచి దూరంగా నెట్టి ముక్కును కొద్దిగా గాలివైపు తిప్పండి. భయపడి షీట్ ఇంకా వదిలితే బోల్తా ఖాయం.

షీట్ చుట్టుకోవడం లేజర్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. బూమ్ దాటేటప్పుడు వదులు తాడు కింద వేలాడి వెనక మూలను పట్టేస్తుంది. జైబ్‌కు ముందు రెండు బారలు షీట్ లోపలికి తీసుకోండి. బూమ్ మీ తల దాటుతున్న క్షణంలో షీట్‌ను చేత్తో ఒక్కసారి చరుక్కున లాగి వదలండి. వేలాడే ఉచ్చు పైకెగిరి మూలను తప్పించుకుంటుంది. జైబ్ ఎప్పుడూ పడవ బాగా వేగంగా ఉన్నప్పుడే చేయాలి, అప్పుడు తెరచాప మీద తోపు తక్కువ. నెమ్మదించాక చేద్దామని ఆగితే దెబ్బ గట్టిగా తగులుతుంది.

బోల్తాపడి పూర్తిగా తలకిందులైంది. మాస్ట్ బురదలో దిగబడింది. బోర్డ్ మీద ఎగిరి గెంతినా లేవలేదు.
— అల్వాల్ పాఠకురాలు

గెంతకూడదు. సాగర్ లోతు ఎక్కడా 32 అడుగులు దాటదు, ఒడ్డు దగ్గర ఇంకా తక్కువ. తలకిందులైన లేజర్ మాస్ట్ ఆరు మీటర్ల దాకా కిందికి దిగుతుంది కాబట్టి బురద తగలడం మామూలే. బురద పట్టు చూషణ పట్టు. కుదిపితే వదలదు, నిలకడగా లాగితే నీళ్లు చొరబడి వదులుతుంది. వాంగ్, మెయిన్‌షీట్ వదిలేసి, హల్ అంచు మీద నిలబడి, బోర్డ్ పట్టుకుని, కదలకుండా మీ బరువంతా వెనక్కి వేసి ఒకటి రెండు నిమిషాలు ఓపికపట్టండి. రాకపోతే రెస్క్యూ బోటును పిలవండి. మాస్ట్ ఏ వాలులో దిగిందో ఆ వాలు వెంటే బయటికి వచ్చేట్టు వాళ్లను మెల్లగా లాగమనండి. అడ్డంగా లాగితే పై మాస్ట్ కాలర్ (రెండు మాస్ట్ ముక్కలు కలిసే చోటి పట్టీ) దగ్గర వంగిపోతుంది.

ముందు జాగ్రత్తలు రెండు. పడవ పక్కకు ఒరిగిన మొదటి క్షణాల్లోనే, నీళ్లలో పడకుండా హల్ మీదుగా దాటి బోర్డ్ మీద కాలు పెట్టండి. పూర్తిగా తిరగబడటం దాంతో ఆగుతుంది. రెండోది, మాస్ట్‌లోకి నీళ్లు చొరబడుతున్నాయేమో చూడండి. ఊపితే గలగలమంటే చివరి బిరడాలు కారుతున్నట్టే. నీళ్లు నిండిన మాస్ట్ తేలదు, లంగరులా దిగుతుంది. బోర్డ్ జారి పోకుండా రబ్బరు తాడు, మాస్ట్ ఊడిపోకుండా కట్టు, రెండూ నియమాల ప్రకారం తప్పనిసరి. నేర్చుకునేవాళ్లకు మాస్ట్ కొనకు చిన్న గాలి ఫ్లోట్ కట్టడం మంచిది.

సముద్రంలో నడుపుతాం. పై మాస్ట్, కింది మాస్ట్ అతుక్కుపోయి రావడం లేదు. పై మాస్ట్ కొద్దిగా వంగినట్టు కూడా ఉంది.
— విశాఖపట్నం పాఠకుడు

ఉప్పు, అల్యూమినియం పొడి కలిసి సిమెంటులా గట్టిపడతాయి. ఒకరు కింది మాస్ట్, ఒకరు పై మాస్ట్ పట్టుకోండి. మూడోవారు కింది మాస్ట్ పైకొన మీద, అంటే బయటి గొట్టం మీద మాత్రమే, బాగా వేడినీళ్లు పోయాలి. బయటిది వ్యాకోచించిన క్షణంలో ఇద్దరూ ఎదురెదురుగా మెలితిప్పుతూ లాగండి. సుత్తితో కొట్టొద్దు. ఒకసారి రాకపోతే మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి మళ్లీ చేయండి. ఇకపై నడిపిన ప్రతిరోజూ విడదీసి మంచినీళ్లతో కడగండి, మరునాడు చేద్దామనుకోకండి. అతుకులో ఆట ఉంటే పై మాస్ట్ కాలర్ మీద, అడుగు బిరడా మీద ఎలక్ట్రికల్ టేప్ ఒకటి రెండు చుట్లు వేసి బిగువు తెచ్చుకోవచ్చు.

వంగడం కాలర్ దగ్గరే మొదలవుతుంది, అక్కడి రివెట్ రంధ్రమే బలహీనత. మాస్ట్ వెనక్కి వంగినప్పుడు ముందు వైపు లోహం సాగుతుంది, వెనక వైపు నొక్కుకుంటుంది. సాగే వైపు రంధ్రం ఉంటే పగులు అక్కడే పుడుతుంది. కాబట్టి బిగించేటప్పుడు రివెట్ వెనక్కి, తెరచాప వైపుకు ఉండేలా చూడండి. కొద్ది వంకరయితే కాలర్‌కు రెండు వైపులా మెత్తని దిమ్మలు పెట్టి మెల్లగా నొక్కి సరిచేయొచ్చు. రివెట్ చుట్టూ వెంట్రుకంత పగులు కనిపిస్తే మాత్రం ఆ ముక్కతో నీళ్లలోకి వెళ్లకండి.